ఆదివారం పొద్దున్నే రైతు బజార్‌కి: మా ఇంటి కూరలు మారింది ఇక్కడే

చాలాకాలం మా ఇంట్లో వారమంతా అవే కూరలు. బెండకాయ, దొండకాయ, వంకాయ, టమాటా పప్పు, బంగాళదుంప, మళ్లీ బెండకాయ. రాత్రి పదింటికి వంటగది సర్దుకుని ఫోన్లో ఆర్డర్ పెట్టేదాన్ని. యాప్ తెరవగానే పోయినసారి కొన్నవే ముందు కనిపిస్తాయి. ఆఫీసు టెన్షన్ తలలో ఉండగా ఇంకోటి వెతికే ఓపిక ఎక్కడిది, వాటినే నొక్కేసి పడుకునేదాన్ని. పళ్లంటే అరటిపళ్లు, యాపిల్. అంతే.

మా వారికి షుగర్ బోర్డర్‌లో ఉందని తెలిసినప్పుడు డాక్టరుగారు ఒక వారం పాటు ఏం తింటున్నారో కాగితం మీద రాసి తెమ్మన్నారు. రాసి చూసుకుంటే కూరలు అయిదు, పళ్లు రెండు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు అని ఉంది. మేం నలుగురం. ఆ లెక్కన రోజుకు కిలోన్నర పైనే కూరగాయలు కావాలి. మా ఇంట్లో ముప్పావు కిలో కూడా అయ్యేది కాదు. అయినా అదే దొండకాయ రెట్టింపు వండితే ఎవరు తింటారు? అందుకే ఆదివారాలు రైతు బజార్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడాది దాటింది.

మాది విశాఖపట్నం. ఇక్కడ రైతు బజార్లు చాలానే ఉన్నాయి. నావి కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి మాది ఏదో చెప్పను. పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఒకటే. 1999లో మొదలైనప్పటి నుంచీ దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలన్నది ఉద్దేశం. రైతులకు గుర్తింపు కార్డులుంటాయి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరమాడే పని లేదు. ఉల్లిపాయలు, బంగాళదుంపలు బయటినుంచి తెచ్చి అమ్మే స్టాళ్లు వేరు. నేను వాటికి ఆఖర్న వెళ్తాను. ముందు వెళ్లేది ఆకుకూరల వరసకే.

అక్కడ ఒక మామ్మ గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. తోటకూర, గోంగూర, చుక్కకూరతో పాటు రోజుకొకటి మనం మరిచిపోయిన ఆకు ఏదో ఒకటి ఉంటుంది. మొదటిసారి నా చేతిలో పెట్టింది పొన్నగంటి కూర. ఎలా వండాలని అడిగితే, "నీళ్లు పొయ్యకు తల్లీ, దాని నీరే దానికి సాలు. పెసరపప్పు పొడిగా ఉడకబెట్టి కలుపు" అంది. ఇంటికొచ్చి చూస్తే ఆకులు వేలిగోరంత. మూడు కట్టలు ఒలవడానికి నేనూ పాపా కలిసి అరగంట కూర్చున్నాం. వెల్లుల్లి పోపులో వేయగానే గిన్నె నిండా ఉన్న ఆకు గుప్పెడైపోయింది. ఆ గుప్పెడు కూరా అన్నంలో కలుపుకుని మా వారు ఇంకొంచెం ఉందా అని అడిగారు. మరుసటి వారం ఆరు కట్టలు తెచ్చాను. కట్ట పది రూపాయలు. నచ్చకపోతే పోయేది పది రూపాయలే అనుకుంటే ఏదైనా కొని చూడబుద్ధవుతుంది. సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన ఖరీదైన ఆకు దగ్గర నాకెప్పుడూ ఆ ధైర్యం రాలేదు.

మామ్మే గంగపాయల కూర కూడా ఇచ్చింది. కాడలు ఎర్రగా, ఆకులు మందంగా ఉంటాయి. దానికే పులుపు ఉంటుంది కాబట్టి పప్పులో చింతపండు తగ్గించాలి. నేను తగ్గించలేదు, ఆ రోజు పప్పు పళ్లు పులిసేలా అయ్యింది.

వానలు పడితే ఆగాకరకాయలు వస్తాయి. పోయిన వారం పావుకిలో 30 రూపాయలు. ఖరీదే, కాదనను. పచ్చగా, చిన్నగా ఉన్నవే ఏరుకోవాలి. పసుపు తిరిగినవాటిలో గింజ ముదిరి పంటికి తగులుతుంది. చక్రాల్లా తరిగి వేయించి, దించేముందు ఉప్పు, కారం, కొంచెం కొబ్బరి చల్లితే, కాకరకాయ పేరెత్తితే లేచిపోయే మా పాప కూడా తింది.

నిజంగా సంతోషపడింది మా అత్తయ్యగారు. అరటిదూట, కంద, తీగబచ్చలి చూసి ఎన్నేళ్లయిందో అన్నారు. దూటను చక్రాలుగా కోస్తూ, ముక్కకూ ముక్కకూ మధ్య సాగే పీచుని చూపుడువేలికి చుట్టి తీసేస్తూ, నల్లబడకుండా ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వేస్తూ పాపకి చూపించారు. వేలికి దారపు ఉండలా చేరిన పీచు చూసి పాప తానూ చుట్టుకుంది. కందబచ్చలికి ఆవ పెట్టడం నాకు నేర్పారు. పొయ్యి కట్టేసి, కూర కాస్త చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది.

పళ్ల సంగతీ మారింది. వేసవిలో ముంజలు, ఆ తర్వాత నేరేడు, వానాకాలంలో సీతంపేట అనాస. యాపిల్ కొనడం దాదాపు మానేశాం.

ఇక ఇబ్బందులు. వాన పడితే మా బజార్లో వెనక వరసలన్నీ బురద. బండి పెట్టుకునే చోటు ఎనిమిది దాటితే దొరకదు. ఫోన్‌పే అందరి దగ్గరా లేదు, చిల్లర లేక రెండుసార్లు సరుకు వదిలేసి వచ్చాను. ఒకసారి కిలో చిక్కుళ్లు ఇంట్లో తూస్తే 850 గ్రాములే ఉన్నాయి. మర్నాడు బజార్ ఆఫీసు గదిలో చెప్తే రాసుకున్నారు, ఏం చేశారో మళ్లీ చెప్పలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే అక్కడ నిజాయితీగా తూచి ఇచ్చేవాళ్లే ఎక్కువ. తూకాలు వారానికోసారైనా తనిఖీ చేయాలి.

అయిదు స్టార్లలో నాలుగు ఇస్తాను. వెళ్లేవాళ్లు ఏడింటికల్లా చేరుకోండి, రెండు గుడ్డ సంచులు, పది రూపాయల నోట్లు పట్టుకెళ్లండి. చీటీ రాసుకుని వెళ్తే చీటీలో ఉన్నవే కొంటాం. నేను రాయడం మానేశాను. ఒకటి మాత్రం పోయిన వారం వండనిది కొంటాను. ఈ ఆదివారం మామ్మ అవిశాకు తెస్తానంది.