ఆల్బమ్ పనికి రైజెన్ 5600జి, 32 జీబీ ర్యామ్: ఎస్పీ రోడ్‌లో కట్టించిన సిస్టమ్

నాది పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్. బెంగళూరు కె.ఆర్.పురంలో ఇంట్లోనే కూర్చుని హిందూపురం, మదనపల్లె, కోలారు స్టూడియోల వాళ్లు పంపే ఫోటోలతో కరిజ్మా ఆల్బమ్ షీట్లు చేసిస్తుంటాను. గేములు ఆడను. కాబట్టి ఇందులో ఎఫ్‌పీఎస్ (ఆటలో సెకనుకి ఎన్ని ఫ్రేములు) లెక్కలు వెతక్కండి. మానిటర్ పాతదే ఉంది, అది కాకుండా సీపీయూ డబ్బా మొత్తం 35 వేల దగ్గర తెగాలి అనుకుని 2025 వేసవిలో అసెంబుల్ చేయించాను. ప్రాసెసర్ ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జి, ర్యామ్ డీడీఆర్4 రకం, 3200 స్పీడులో 16 జీబీవి రెండు, బోర్డు ర్యామ్‌కి నాలుగు స్లాట్లున్న బీ550ఎం, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. అప్పట్నుంచి రోజూ దీని మీదే పని. బాగుంది. కానీ బాగున్నది ప్రాసెసర్ గొప్పతనం వల్ల కాదు, ర్యామ్ వల్ల, అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మా షీటు 12×36 అంగుళాలు, 300 డీపీఐ. అంటే 3600×10800 పిక్సెళ్లు, 3 కోట్ల 88 లక్షలు. పిక్సెల్‌కి మూడు బైట్లు వేసుకున్నా ఒక్క నిండు లేయరే 110 ఎంబీ దాటుతుంది. ఇక పెళ్లికూతుర్ని కట్ చేసి పెట్టాలి, వెనక మండపం మసకగా రావాలి, దాని మీద పూలరేకులు, బంగారు పొడి, మూలన జీలకర్ర బెల్లం ఫోటో, కింద పేర్లు. లేయర్లు పది పన్నెండు దాటిపోతాయి. పక్కనే ఇంకో రెండు షీట్లు తెరిచి ఉంటాయి. వెనక్కి వెళ్లడానికి హిస్టరీ వేరే. ర్యామ్ చాలకపోతే ఫోటోషాప్ ఆ బరువంతా స్క్రాచ్ డిస్క్ (ర్యామ్‌కి బదులు వాడుకునే డిస్క్ జాగా) మీద పడేస్తుంది. అక్కడ్నుంచి బ్రష్ గీస్తే గీత తర్వాత ఎప్పుడో వస్తుంది. పాత 8 జీబీ సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ ముప్పై నలభై శాతం దగ్గర తీరిగ్గా ఉండేది, మెమొరీ మాత్రం నెత్తి మీదికొచ్చి కూర్చునేది. ఆ రెండు గీతలు చూసిన వాడెవడూ ఐ7 లాంటి ఖరీదైన ప్రాసెసర్ కోసం అప్పు చేయడు.

చిక్కపేట మెట్రోలో దిగి ఎస్పీ రోడ్‌కి నడిచాను. ఆదివారం వెళ్లకండి, చాలా షట్టర్లు దించి ఉంటాయి. కన్నడ, హిందీ, తెలుగు మూడూ నడుస్తాయి అక్కడ. మొదట ఎక్కిన షాపులో కుర్రాడు మనవైపు వాడే.

"ఐ5 ఇస్తానన్నా, 12400 ఎఫ్. మామూలు దానికన్నా రేటు తక్కువ."

"మరి డిస్‌ప్లే దేన్నుంచి వస్తుంది తమ్ముడూ?"

"కార్డు వేసుకోవాల కదన్నా." ఆ మాట ముందు చెప్పడు!

ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా కేబుల్ పెడితే నల్ల తెరే. ఎఫ్ లేని ఐ5-12400 మంచి ప్రాసెసరే, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. నేను అడిగిన రోజు బోర్డుతో కలిపితే నా లెక్కలో ఇమడలేదు, అంతే. ట్యాలీ, బ్రౌజర్, ఆన్‌లైన్ క్లాసుల వరకైతే నాలుగు కోర్ల ఐ3-12100 సరిపోతుంది. మా చెల్లెలి కొడుక్కి అదే చెప్పాను.

రైజెన్‌లో తిరకాసు ఇంకో రకం. 5600 అని ఒకటి, 5600జి అని ఒకటి. రెండూ ఆరు కోర్లే, 65 వాట్లే. జి ఉన్నదాంట్లో వేగా గ్రాఫిక్స్ ఉంది, కానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమొరీ) 16 ఎంబీ, పీసీఐఈ (కార్డుకీ ఎస్‌ఎస్‌డీకీ దారి) 3.0. జి లేనిదాంట్లో క్యాష్ 32 ఎంబీ, పీసీఐఈ 4.0, గ్రాఫిక్స్ మాత్రం లేదు. కార్డు కొనే ఉద్దేశం ఉన్నవాళ్లకి 5600 మేలు. కొంటానో కొననో తెలియదు అనుకునేవాళ్లు, నాలాంటివాళ్లు, జి తీసుకోవాలి. 2024లో వచ్చిన 5600జీటీ కూడా ఇదే, బూస్ట్ (గరిష్ఠ వేగం) 4.4కి బదులు 4.6 గిగాహెర్ట్జ్. ఆ కొసరు కోసం ఎక్కువ పెట్టాలనిపించలేదు. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లో డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరే దారి లేదు, బోర్డు ఖరీదు కూడా ఎక్కువ, అందుకే దాని జోలికి పోలేదు.

ఇప్పుడు ర్యామ్. 16 జీబీ ఒకటి తీసుకుని తర్వాత ఇంకోటి వేసుకోమని ప్రతి షాపులోనూ అన్నారు. జి ప్రాసెసర్‌కి ఆ సలహా పనికిరాదు. దాని గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ లేదు, మన ర్యామ్‌లోంచే పంచుకోవాలి. 3200 స్టిక్ ఒకటే ఉంటే సెకనుకి 25.6 జీబీ దారి, రెండుంటే 51.2. ఒంటెద్దు బండి, జోడెద్దుల బండి తేడా. రెండు స్టిక్కులు చేతికొచ్చాక పక్కపక్కన గుచ్చకూడదు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. షాపు టెక్నీషియన్ మొదటి రెండింట్లో పెట్టబోతుంటే ఆపాను. బోర్డు మీద ఏ2, బీ2 అని చీమంత అక్షరాలతో అచ్చువేసి ఉంది, ఫోన్ లైటు వేసి చూపించాల్సొచ్చింది. అతను ఏమీ అనలేదు, తీసి మార్చాడు.

ఇంటికొచ్చి చూస్తే టాస్క్ మేనేజర్‌లో స్పీడు 2666 అని ఉంది. డబ్బులిచ్చింది 3200కి! పాడైపోలేదు, బయోస్‌లో (బోర్డు సెట్టింగుల పేజీ) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుకి తెచ్చే సెట్టింగ్, ఆన్ చేయలేదు, అంతే. ఆన్ చేస్తే 3200 వచ్చింది. ఈ ఒక్కపని చేయకుండా ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఎంతమంది ఉన్నారో. అసెంబుల్ చేసిన షాపులోనే ఆ పేజీ చూపించమని అడగండి.

బోర్డు కొనేటప్పుడు అట్టపెట్టె మీద రైజెన్ 5000 రెడీ అని స్టిక్కర్ ఉందో లేదో చూసుకోండి. పాత స్టాకైతే బయోస్ అప్‌డేట్ చేయందే ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. ఏ520 బోర్డు తీసుకుంటే డబ్బు మిగిలేదే, కానీ నాకు చూపించినవాటిలో స్లాట్లు రెండే.

ప్రాసెసర్ విషయంలో ఇంకో బేరం కూడా పెట్టారు. డబ్బా లేకుండా వట్టి చిప్, ట్రే పీస్ అంటారు, బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామన్నారు. 18 శాతం జీఎస్టీ మిగుల్తుందని ఆశపెడతారు. సీల్ ఉన్న డబ్బాకి ఏఎండీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, ట్రే పీస్‌కి షాపువాడి నోటిమాటే వారంటీ. సీరియల్ నంబరు వేసిన బిల్లుతోనే తీసుకున్నాను. ఈ ప్రాసెసర్ సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, 1331. విప్పి పెట్టిన చిప్ ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లిందో, ఏ పిన్ను వంగిందో కంటికి ఆనదు.

నచ్చనివి చెప్పాలంటే, డబ్బాలో వచ్చే కూలర్. రెండొందల షీట్లు జేపీఈజీలోకి బ్యాచ్ పెట్టగానే గోల మొదలు. పక్కగదిలో పిల్లలు చదువుకుంటుంటే తలుపు వేసుకోవాలి. వీడియో టీజర్లకీ దీని మీద ఆశ పెట్టుకోలేదు.

మరి ఇవాళ కొనేవాళ్ల సంగతి. ఏఐ డేటా సెంటర్లకి మెమొరీ మళ్లడంతో 2025 చివర్లో ర్యామ్ రేట్లు మండిపోయాయి, నేను తీసుకున్న జత రెట్టింపు దాటింది. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడమే మానేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. ఇప్పుడు కొనాల్సొస్తే నేనైతే ఇదే ప్రాసెసర్, ఇదే నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుని 8 జీబీవి రెండు వేస్తాను, మిగతా రెండు స్లాట్లు రేటు దిగేదాకా ఖాళీగా ఉంచుతాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే ముందు దాని మూత విప్పి చూడండి. డీడీఆర్4 స్టిక్కులైతే ఇందులో పనికొస్తాయి. డీడీఆర్3 అయితే గాడే కలవదు.