విశాఖకు విమానమా, రైలా? ఆవకాయ జాడీ తేల్చిన లెక్క

హైదరాబాదు నుంచి విశాఖకు విమానంలో గంటంపావు ప్రయాణం. ఒక పెళ్లికి వెళ్తూ, ఆ గంటంపావు కోసం ఉదయం ఎనిమిదింపావుకు తార్నాకలో ఇంటికి తాళం వేసిన మేము, సాయంత్రం ఐదింటికి ఎంవీపీ కాలనీలో మా ఆడపడుచు గడప తొక్కాం. వందే భారత్ రైలు అదే దూరానికి ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. ఏది వేగమో మీరే చెప్పండి.

విమానం ముచ్చట మా వారిది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, అంతసేపు కూర్చోలేరని ఒక సాకు. టికెట్టు మనిషికి 4,850 చొప్పున ముగ్గురికి 14,550 రూపాయలు. శంషాబాదుకు క్యాబ్ 1,150. ఇంతవరకు ముందే అనుకున్న ఖర్చు కాబట్టి నోరు మూసుకున్నాను.

నోరు తెరవాల్సి వచ్చింది సామాను తూచే చోట. మనిషికి 15 కిలోలు, ముగ్గురికి 45. మాది 49 తేలింది. అదనంగా ఉన్న ఆ నాలుగు కిలోలూ కూతురి కోసం అత్తయ్య స్వయంగా పెట్టిన ఆవకాయ. పాత చీర ముక్కలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి, దానిపైన మళ్లీ రబ్బరు బ్యాండ్లు. కిలోకు 600 చొప్పున 2,400 కట్టమన్నాడు కౌంటరులో కుర్రాడు. అత్తయ్య అక్కడే నేల మీద కూర్చుని పెట్టె విప్పి, జాడీ బయటికి తీసి, "దీన్ని ఒళ్లో పెట్టుకుంటాను బాబూ" అన్నారు. నూనె పచ్చడి చేతి సంచిలో తనిఖీ దాటదన్నాడు. నిబంధన అదే అయి ఉండవచ్చు, కాదనను. కానీ తలైనా ఎత్తకుండా "కడతారా, తీసేస్తారా? వెనక జనం ఉన్నారు" అని డెబ్బై దాటిన మనిషితో అనే తీరు ఏ నిబంధనలో ఉంది? కట్టాం. మామిడికాయలు, నూనె, కారం అన్నీ కలిపినా అందులో సగం కాదు. అత్తయ్య ఆ తర్వాత రెండు గంటలు కొడుకుతో మాట్లాడలేదు.

తనిఖీ దాటి కూర్చున్నాక ఫోనుకు సందేశం వచ్చింది: 11.40కి బయలుదేరాల్సిన విమానం రెండున్నరకట. కారణం మామూలే, "నిర్వహణపరమైన కారణాలు". అలా కూర్చునే ఒంటిగంటన్నర అయింది. తినడానికి ఏమైనా ఇస్తారా అని అడిగితే, గేటు దగ్గరి అమ్మాయి మంచినీళ్ల కుళాయి చూపించింది. ఇక్కడ మా వారిని మెచ్చుకోవాలి. రెండున్నర గంటల లోపు ప్రయాణమున్న విమానం రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే ప్రయాణికులకు ఫలహారం ఇవ్వాలన్న డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనను ఫోనులో తీసి ఆమె ముందు పెట్టారు. పది నిమిషాల్లో ఎక్కడి నుంచో శాండ్‌విచ్‌లు, పళ్లరసం డబ్బాలు ఊడిపడ్డాయి. అడిగినవాళ్లకే సుమా! పక్క వరుసలో చంటిపిల్లతో ఉన్నామెకు మేం చెబితే గాని తెలియలేదు. ఆలస్యం ఆరు గంటలు దాటేట్టయితే మరో విమానమో, పూర్తి డబ్బో కోరే హక్కు కూడా ఉంది, గుర్తుంచుకోండి.

విశాఖలో దిగాక టాక్సీకి 620. మొత్తం 18,720 రూపాయలు.

పెళ్లి బాగా జరిగింది. తిరుగు ప్రయాణానికి టికెట్లు నేనే తీశాను, ఎవరినీ అడగలేదు.

వందే భారత్ విశాఖలో తెల్లవారి ఆరు లోపే బయలుదేరుతుంది. కుర్చీ బోగీలో భోజనంతో కలిపి మనిషికి 1,720, ముగ్గురికి 5,160. స్టేషనుకు టాక్సీ 350, సికింద్రాబాదు నుంచి తార్నాకకు 240. మొత్తం 5,750. ఏసీ కుర్చీ బోగీలో మనిషికి 40 కిలోల సామాను ఉచితం. పెళ్లివారు పెట్టిన సారె, మిఠాయి బుట్టలతో సహా ఏదీ ఎవరూ తూచలేదు. ఉప్మా చల్లారిపోయింది, కాఫీ పేరుకే కాఫీ, మధ్యాహ్నం పప్పు మాత్రం మర్యాదగా ఉంది. వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఎత్తేశారు, ఇప్పటికీ ఇవ్వడం లేదని అత్తయ్య ఖమ్మం దాకా సణిగారు.

రాజమహేంద్రవరం దాటి గోదావరి వంతెన ఎక్కగానే ఆవిడ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీశారు. కిటికీ అద్దం బిగించేసి ఉంది, ఎటూ తెరుచుకోదు. "గోదారమ్మకు రూపాయి వేయనివ్వని రైలేమిటే!" అంటూ బిళ్లను అద్దానికి ఆనించి దండం పెట్టుకుని, మళ్లీ ముడేసుకున్నారు. ఈ రైలు మీద ఆవిడ చేసిన గట్టి ఫిర్యాదు ఇదొక్కటే. మోకాళ్ల సంగతికొస్తే, బోగీలో అటూ ఇటూ నడిచారు, విమానాశ్రయంలో నడిచినంత మాత్రం కాదు.

రైలుకు కష్టాలు లేవని కాదు. కుర్చీ పెద్దగా వెనక్కి వాలదు, ఆరో గంటకు నడుము పట్టేస్తుంది. డబ్బు ఉంటే పెద్దవాళ్లకు ఎగ్జిక్యూటివ్ తరగతి టికెట్టు తీయండి, సుమారు రెట్టింపు ధర అయినా దండగ కాదు. మధ్య స్టేషన్లలో చాలావాటిలో ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి కాబట్టి సాగనంపడానికి వచ్చినవాళ్లను లోపలికి రానివ్వకండి. టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు. పండగలప్పుడు ఆ రోజే తీసుకోకపోతే ప్రయాణానికి ముందు రోజు ఉదయం పదింటికి ఏసీ తత్కాల్‌తో కుస్తీ పట్టాలి. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైతే, ఎక్కకుండా, అది కదలకముందే టీడీఆర్ (టికెట్టు డబ్బు వాపసు కోరే దరఖాస్తు) దాఖలు చేస్తే డబ్బంతా వెనక్కి వస్తుంది.

చేతిలో ఒక్క సంచితో, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఉద్యోగస్తులు విమానమే ఎక్కండి, రైలుతో ఆ పని కాదు. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే మాత్రం విశాఖలో నలభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ప్రయాణం కూడా కలుపుకోవాలి. ఆలస్యం కాకపోయి ఉంటే విమానమే మేలని మా వారు ఇప్పటికీ అంటున్నారు. ఆలస్యం కాకపోయినా ఇంటి నుంచి ఇంటికి ఆరు గంటలు, మూడింతల ఖర్చు. వచ్చే సంక్రాంతికి ఆయన ఒక్కరే విమానంలో వెళ్లవచ్చు, మేము రైల్లో సామానుతో వస్తాం.