యమహా ఎన్‌ఎస్-10ఎం స్టూడియో స్పీకర్లు: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

చిన్న స్వతంత్ర స్టూడియోలో రికార్డింగ్, ఎడిటింగ్, మిక్సింగ్, తెగిన కేబుళ్లకు టంకం పెట్టడం, బిల్లులు రాయడం అన్నీ దాదాపు ఒకే మనిషి నెత్తిన పడతాయి. అలాంటి చోట మైకులు మారుతుంటాయి, సాఫ్ట్‌వేర్ మారుతుంటుంది, కళాకారులు వస్తూ పోతూ ఉంటారు గాని, చెవి అలవాటు పడిన స్పీకర్లు మాత్రం అంత తేలిగ్గా మారవు. నా డెస్కు మీద ఏళ్ల తరబడి ఉన్నవి యమహా ఎన్‌ఎస్-10ఎం స్టూడియో స్పీకర్లు. నల్లటి పెట్టె, తెల్లటి కోను (కదులుతూ శబ్దం పుట్టించే గరాటులాంటి భాగం) ఉన్న వీటిని స్టూడియోల ఫోటోలు చూసినవారు ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. వీటికి మొక్కేవారు ఎందరో, తిట్టిపోసేవారూ అందరు. ఇవి పాటను ఆస్వాదించడానికి పనికొచ్చే స్పీకర్లు కావు, పాటలో ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో తేల్చుకోవడానికి పనికొచ్చే స్పీకర్లు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే ఆ వాదన ఇన్నేళ్లుగా తెగడం లేదని నా అభిప్రాయం.

వీటి పుట్టుక స్టూడియో కోసం జరిగింది కాదు. అకిరా నకమురా రూపకల్పనలో 1978లో మార్కెట్లోకి వచ్చిన తొలి ఎన్‌ఎస్-10ఎం ఇళ్లలో సంగీతం వినేవారి కోసం ఉద్దేశించిన బుక్‌షెల్ఫ్ స్పీకరు. ఆ వర్గంలో దానికి పెద్దగా ఆదరణ దక్కలేదు. రికార్డింగ్ ఇంజనీర్లు దాన్ని మిక్సింగ్ కన్సోల్ మీదకు ఎక్కించిన తర్వాతే దాని దశ తిరిగింది. వారి వాడకాన్ని గమనించిన కంపెనీ, ట్వీటరులోని (సన్నటి పై శబ్దాలు పలికే చిన్న స్పీకరు) పదును కొంత తగ్గించి, అడ్డంగా పెట్టుకోవడానికి వీలుగా మార్చి, 1987లో స్టూడియో అనే పేరు జోడించి కొత్త రూపం తెచ్చింది. నా దగ్గర ఉన్నది ఆ రెండో రూపమే కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా దానికే వర్తిస్తుంది. వూఫరు (కింది, మధ్య శబ్దాలు పలికే పెద్ద స్పీకరు) కోనుకు కావలసిన కలప గుజ్జు ఇక దొరకని పరిస్థితి రావడంతో 2001లో తయారీ ఆగిపోయింది. తయారీ ఆగిన ఏడేళ్లకు, అంటే 2008లో, ఈ స్పీకరుకు గాను యమహాకు టెక్నికల్ గ్రామీ పురస్కారం లభించింది.

దగ్గరికి వెళ్లి చూస్తే ఆ తెల్లటి కోను మీద అంచు నుంచి మధ్యకు సాగే ఒక సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. చాలా కోనులను అచ్చులో ఒత్తి తయారు చేస్తారు. దీనిది మాత్రం చదునైన కాగితపు రేకును గరాటులా చుట్టి, అంచులు కలిపి అతికించిన కోను. వూఫరు వ్యాసం 18 సెంటీమీటర్లు, మెత్తటి గోపురం ఆకారపు ట్వీటరుది 3.5 సెంటీమీటర్లు. పెట్టె పూర్తిగా మూసి ఉంటుంది, గాలి బయటికి పోయే రంధ్రం ఎక్కడా లేదు. ఒక్కొక్కటి సుమారు 6 కిలోల బరువు. లోపల ఆంప్లిఫైయర్ లేదు కనుక దాన్ని విడిగా సమకూర్చుకోవాలి.

ఇక అసలు విషయమైన ధ్వని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ స్పీకర్ల స్వభావమంతా మధ్య పౌనఃపున్యాల్లో, అంటే మరీ బొంగురూ మరీ కీచూ కాని మధ్య శబ్దాల్లో, ఉంది. సుమారు 1.5 నుంచి 2 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో వీటి ధ్వని గట్టిగా ముందుకు పొడుచుకు వస్తుంది. 200 హెర్ట్జ్ నుంచి కిందికి క్రమంగా పలచబడుతుంది. కాగితం మీద చూస్తే ఇది లోపం. కానీ మనిషి గొంతులోని స్పష్టత, గిటారు తీగ మీటినప్పటి మొనదేలిన శబ్దం, స్నేర్ డ్రమ్ము దెబ్బ, వయొలిన్ కమాను రాపిడి అన్నీ వచ్చి ఇరుక్కునేది ఆ ప్రాంతంలోనే. మిక్సులో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఆ ఇరుకు చోటు కోసం జరిగేవే. మిగతా స్పీకర్లు ఆ గొడవను సర్దిచెప్పి వినిపిస్తే, ఇవి దాన్ని రచ్చకెక్కిస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. గాయని గొంతు, రెండు అకూస్టిక్ గిటార్లు, కొద్దిపాటి తాళవాద్యం మాత్రమే ఉన్న పాటకు మిక్సు చేస్తున్నప్పుడు, నా దగ్గరున్న పెద్ద స్పీకర్లలో అది హాయిగా, నిండుగా వినిపించింది. ఎన్‌ఎస్-10లకు మార్చగానే గిటార్లు గొంతు మీద పడి రుద్దుతున్నట్టు తెలిసిపోయింది. చరణంలో పదాల చివరి హల్లులు తీగల శబ్దంలో కలిసిపోతున్నాయి. గొంతు ఫేడరును (స్థాయిని పెంచి తగ్గించే మీటను) పైకి జరిపితే అది పాట నుంచి విడిపోయి ముందుకొచ్చి నిలబడింది, దించితే మళ్లీ మునిగింది. అంటే చిక్కు గొంతు స్థాయిలో లేదు, గిటార్ల స్వరంలో ఉంది. ఒక గిటారుకు 1.8 కిలోహెర్ట్జ్ దగ్గర ఈక్వలైజరుతో (ఎంచుకున్న పౌనఃపున్యాన్ని పెంచి తగ్గించే సాధనంతో) 2 డెసిబెల్స్ తగ్గించి, రెండో దాన్ని ఇంకాస్త పక్కకు ప్యాన్ చేయగానే, అంటే ఒక పక్క స్పీకరు వైపు జరపగానే, గొంతు ఫేడరును ముట్టుకోకుండానే మాటలు బయటపడ్డాయి. పెద్ద స్పీకర్లకు తిరిగి మార్చినప్పుడు నిండుదనం ఏమీ తగ్గలేదు. ఇలాంటి నిర్ణయం ఇతర స్పీకర్ల మీద చేయలేమని కాదు; ఇక్కడ త్వరగా చేయగలం, అంతే. గంటల లెక్కన డబ్బు కట్టే స్వతంత్ర కళాకారుడికి ఆ త్వరే పెద్ద లాభం.

ఈ నిక్కచ్చితనం మధ్య పౌనఃపున్యాల ఉబ్బు ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ న్యూవెల్, కీత్ హాలండ్ తదితరులు ఎన్నో స్టూడియో మానిటర్లను (పని కోసం వాడే స్పీకర్లను) ప్రతిధ్వని లేని గదిలో కొలిచి, 2001లో ఫలితాలు ప్రకటించారు. ఎన్‌ఎస్-10 కోను సిగ్నల్ ఆగగానే తానూ ఆగిపోతుందని, కింది పౌనఃపున్యాల్లో కూడా దాని శబ్దం సాగకుండా త్వరగా తగ్గుతుందని, వక్రీకరణ సైతం తక్కువేనని వారు తేల్చారు. రంధ్రం ఉన్న పెట్టె కొంత అదనపు బాస్ (అడుగు శబ్దం) ఇస్తుంది గాని, ఆ బాస్ కాస్త ఆలస్యంగా మొదలై కాస్త ఆలస్యంగా ఆగుతుంది. మూసిన పెట్టెలో బాస్ తక్కువే, కాని ఉన్నంతలో అది సమయానికి వస్తుంది. కిక్ డ్రమ్ము, బాస్ గిటారు ఒకేసారి పడుతున్నాయా, ఒకటి వెనకబడుతోందా అనేది వీటి మీద నాకు అంత తేలిగ్గా తెలియడానికి కారణం ఇదేనని ఆ ఫలితాలు చదివాక అర్థమైంది. శబ్దం హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసరు ఎంత త్వరగా పట్టుకోవాలి, ఎంత త్వరగా వదలాలి అనే అటాక్, రిలీజ్ అమరికల్లోని చిన్న మార్పు కూడా ఇందువల్లనే ఇట్టే చెవికి తగులుతుంది.

అయితే బాస్ ఎంత ఉందో మాత్రం వీటిని అడగకూడదు. కంపెనీ చెప్పిన లెక్క 60 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది గాని, ఆ దరిదాపుల్లో వినిపించేది చాలా బలహీనం. బాస్ గిటారులోని అతి కింది స్వరం 41 హెర్ట్జ్, ఇక్కడ దాని పై స్వరాంశాలు మాత్రమే వినబడతాయి. దీనికీ ఒక ప్రయోజనం ఉంది: ఎన్‌ఎస్-10 మీద బాస్ వరస స్పష్టంగా తెలుస్తోందంటే, అడుగు శబ్దం బొత్తిగా పలకని ఫోను స్పీకరులోనూ అది ఎంతో కొంత తెలుస్తుంది. కాని లోటు పడింది కదా అని వీటినే నమ్మి బాస్ పెంచుకుంటూ పోతే, ఆ పాట కారులో అద్దాలు అదిరేలా మోగుతుంది. అందుకే అడుగు శబ్దానికి వేరే మానిటర్లనో, మంచి హెడ్‌ఫోన్లనో అడగక తప్పదు. సబ్‌వూఫరు జతచేసి వీటినే పూర్తి స్థాయి వ్యవస్థగా మార్చే పద్ధతి ఉంది, నాకది రుచించలేదు.

వినబడని బాస్‌ను కంటితో పట్టుకోవడం ఇక్కడ ఒక విచిత్రమైన సౌలభ్యం. ముందు జాలీ లేని తెల్లటి కోను కాబట్టి కదలిక బాగా కనిపిస్తుంది. పాడేవారు మైకుకు మరీ దగ్గరగా నిలబడి ప, బ అక్షరాలు పలికినప్పుడు ఊపిరి తగిలి వచ్చే అడుగు దడ చెవికి అంతగా అందకపోయినా, కోను ఒక్కసారిగా ముందుకు తోసుకురావడం కనిపిస్తుంది. అప్పుడు ఆ ట్రాకుకు అడుగు శబ్దాన్ని కోసేసే హై-పాస్ ఫిల్టరు వేస్తే కోను కుదుటపడుతుంది, గొంతు మాత్రం మారినట్టు వినిపించదు. ఏసీ యంత్రం గుర్రు, మైకు స్టాండు అదురు కూడా ఇలాగే బయటపడతాయి. కొలిచే పరికరాలు తెర మీద ఎన్ని ఉన్నా, నా చూపు ముందు ఆ కోను మీదికే పోతుంది.

ట్వీటరు మీద టిష్యూ కాగితం అతికించే ఆచారం గురించి అడగనివారు లేరు. తొలి రూపంలోని పదునును తగ్గించడానికి బాబ్ క్లియర్‌మౌంటెన్ లాంటి ప్రసిద్ధ ఇంజనీర్లు చేసిన పని అది. ఏ రకం కాగితం, ఎన్ని పొరలు అనే చర్చ ఎంత దూరం పోయిందంటే, 1986లో బాబ్ హోడాస్ అనే ఇంజనీరు రకరకాల టిష్యూలను అతికించి, వాటి ప్రభావాన్ని కొలిచి ప్రచురించారు. కాగితం పదునును పీల్చుకోవడం కన్నా కొంత శబ్దాన్ని తిప్పికొట్టి దువ్వెన పళ్లలాంటి హెచ్చుతగ్గులు పుట్టిస్తుందని ఆయన తేల్చారు. స్టూడియో రూపంలో ట్వీటరును మార్చాక ఆ అవసరం తీరిపోయింది. అది ఎలాగూ లేని అవసరం గనుక నేను కాగితం పెట్టలేదు.

ఆంప్లిఫైయర్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఈ స్పీకర్ల సామర్థ్యం 60 వాట్లు, గరిష్ఠంగా 120 వాట్లు. చిన్న ఆంప్లిఫైయర్ అయితే స్పీకరుకు ప్రమాదం తక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి శక్తి చాలని ఆంప్లిఫైయరును గట్టిగా తోలితే అది క్లిప్ అవుతుంది, అంటే శక్తి చాలక సిగ్నల్ శిఖరాలను కత్తిరించేస్తుంది. ఆ క్లిపింగులో పుట్టే పై పౌనఃపున్యాల శక్తి నేరుగా ట్వీటరుకు చేరి దాని కాయిలును కాల్చేస్తుంది. ఒక్కో చానలుకు 100 వాట్లకు తగ్గని ఆంప్లిఫైయరును తెచ్చుకుని, దాన్ని సగం ఊపిరితోనే నడపడం మేలు.

చెవి అలసట అనేది వీటి మీద ఉన్న పాత ఫిర్యాదు, అది న్యాయమైనదే. మధ్య పౌనఃపున్యాల్లో మన చెవి అసలే చురుకు; ఆ చోటే పొడుచుకొచ్చే స్పీకరును గంటల తరబడి గట్టిగా వింటే తల వాచిపోతుంది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కు అందులో సగం సమయం అన్నది వినికిడి రక్షణకు అమెరికాలోని ఎన్‌ఐఓఎస్‌హెచ్ (పని చోట్ల భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ) సూచించిన పరిమితి. నేను అంతకంటే చాలా తక్కువలో, పక్కన కూర్చున్నవారితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగే స్థాయిలో పెట్టుకుంటాను. చెప్పుకోదగ్గ సంగతేమిటంటే, తక్కువ శబ్దంలోనే వీటి తీర్పు ఇంకా నమ్మదగ్గదిగా ఉంటుంది.

పాట యజమాని మిక్సు వినడానికి వచ్చినప్పుడు మాత్రం ఈ స్పీకర్లు మనకు శత్రువులు. నెలల తరబడి రాసుకుని, అప్పుచేసి రికార్డు చేసుకున్న కళాకారుడు వెనక సోఫాలో కూర్చుని తన పాట పలచగా, కరుకుగా వినిపించడం చూస్తే ముఖం మాడ్చుకోవడం సహజం. ‘ఇది పని చేసే స్పీకరు, వినే స్పీకరు కాదు’ అని ఎంత చెప్పినా ఆ క్షణంలో ఎక్కదు. అందుకని మొదటి వినికిడి ఎప్పుడూ పెద్ద స్పీకర్ల మీద పెట్టి, అది అయ్యాక వారి ఫోనులోనే వినిపించి, ఎక్కడైనా మాట అర్థం కాలేదని వారు అన్నప్పుడే వీటికి మారుస్తాను. అప్పుడు లోపం ఎక్కడుందో వారికీ తెలుస్తుంది, ఇద్దరం ఒకే చోట వేలు పెట్టి మాట్లాడుకోగలుగుతాం.

ఇప్పుడు వీటిని కొనడం సంగతికొస్తే, దొరికేవన్నీ సెకండ్‌హ్యాండ్‌వే. నాకు ఒక అమ్మకందారు చూపిన జతలో ఒక వూఫరు పాతది, మరొకటి తర్వాత మార్చినది; మధ్య నుంచి రావలసిన మోనో గొంతు (రెండు స్పీకర్లలోనూ ఒకే స్థాయిలో పలికేది) కొద్దిగా ఎడమకు ఒరిగి వినిపించింది. కాబట్టి ఏ జతనైనా ముందు మోనో గొంతుతో పరీక్షించాలి, వరస సంఖ్యలు సరిచూడాలి, కోను అతుకును, ట్వీటరు గోపురాన్ని వెలుతురులో పరిశీలించాలి, పెట్టె తెరిచిన గుర్తులేమైనా ఉన్నాయేమో చూడాలి. విడిభాగాలు పూర్తిగా లేకపోలేదు; అవంటోన్ సంస్థ వీటికి సరిపోయే వూఫర్లు, ట్వీటర్లు తయారు చేస్తోంది, ఇదే నమూనాలో సీఎల్ఏ-10 అనే స్పీకరునూ అమ్ముతోంది. యమహా హెచ్‌ఎస్ వరస తెల్ల కోనుతో ఇలాగే కనిపించినా, లోపల ఆంప్లిఫైయరు, వెనక రంధ్రం ఉన్న వేరే జాతి స్పీకరు అది. ఎన్‌ఎస్-10కు బదులుగా అనుకుని తీసుకోకూడదు.

మొదటి జత మానిటర్ల కోసం వెతుకుతున్నవారికి నేను వీటిని సూచించను. ఆ డబ్బుతో కాస్త విస్తృతంగా పలికే స్పీకర్లు తీసుకుని, మిగిలినదాన్ని గోడలకు శబ్దం పీల్చే పలకలు బిగించడానికి ఖర్చు పెట్టడం ఉత్తమం. అడుగు నుంచి పై వరకు నమ్మదగిన ఒక జత అప్పటికే ఉండి, మిక్సులో గొంతు దగ్గర తరచూ తడబడుతున్నవారు మాత్రం రెండో జతగా వీటిని నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చు. తెచ్చాక వాటిని అడ్డంగా పెట్టి, ట్వీటర్లు చెవి ఎత్తుకు వచ్చేలా అమర్చి, కొన్నాళ్లపాటు ఇతరులు చేసిన మంచి మిక్సులను వాటి మీద వింటూ చెవిని అలవాటు చేసుకోవాలి.