వెట్ సంప్‌తో ఐదేళ్లు, డ్రై సంప్‌తో ఏడేళ్లు

ఇప్పుడు నా దగ్గరున్నది 2015 షెవ్రొలే కార్వెట్ స్టింగ్‌రే, ట్రాక్ వాడకం కోసం కంపెనీ ఇచ్చే జడ్51 ప్యాకేజీతో. కొని ఏడేళ్లయింది. అంతకు ముందు ఐదేళ్లు ఒక నాలుగు సిలిండర్ల, రెండు సీట్ల చిన్న కారు నడిపాను. దాని పేరు ఇక్కడ అనవసరం, దానికి జరిగింది నా చేతుల మీదుగా జరిగిందే. సంప్ అంటే ఇంజన్ అడుగున ఆయిల్ చేరే తొట్టి. పాతది వెట్ సంప్, ఇది డ్రై సంప్. రెండిట్లోనూ రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చాను, ఏడాదికి నాలుగైదుసార్లు ట్రాక్ మీదికీ తీసుకెళ్లాను. ఉండేది ఆస్టిన్‌లో కాబట్టి ట్రాక్ అంటే ఎక్కువగా సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాసే.

స్పోర్ట్స్ కారు కొనాలనుకునే మనవాళ్లు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: డ్రై సంప్ ఉన్నదే తీసుకోవాలా? దానికి జవాబు కారులో ఉండదు. మీ టైర్లలో, మీరు తిరిగే మలుపుల్లో ఉంటుంది. నాకది తెలియడానికి ఒక ఇంజన్ ఖర్చయింది.

వెట్ సంప్ అంటే మామూలు కార్లన్నిట్లో ఉండేదే. ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్ కింద ఒక తొట్టి, అందులో ఆయిల్, దాన్ని పీల్చడానికి ఒక గొట్టం, ఒక పంపు. పెళ్లివంటకి గంగాళంలో సగం నీళ్లు పోసి ట్రాక్టర్ ట్రక్కులో పెట్టి తీసుకెళ్తుంటే, మలుపు తిరిగినప్పుడల్లా నీళ్లన్నీ ఒక పక్కకి ఎగబాకడం చూసే ఉంటారు. తొట్టిలో ఆయిలూ అంతే. మలుపులో కారు మీద పడే పక్కబలం 1 జి, అంటే కారు బరువుకి సమానం, అయితే ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. మెత్తటి ట్రాక్ టైర్లతో 1.2 జి దాకా వెళ్తే 50 డిగ్రీలు. అప్పుడు పీల్చే గొట్టం మూతి దగ్గర ఆయిల్ ఉండదు, గాలి ఉంటుంది. పైగా ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతున్నప్పుడు పంపు ఆయిల్‌ని జోరుగా ఇంజన్ పైభాగమైన హెడ్‌లోకి పంపిస్తుంది. అది కిందికి దిగడానికి టైం పడుతుంది. అంటే మలుపులోకి వెళ్లేసరికే తొట్టిలో ఉండాల్సినదాంట్లో కొంత పైనే ఉండిపోయి ఉంటుంది.

మా ట్రాక్‌లో 20 మలుపులు. వాటిలో 16, 17, 18 మూడూ కలిసి ఒకటే పొడవాటి కుడి మలుపులా సాగుతాయి. స్టీరింగ్ తిప్పి పట్టుకుంటే మళ్లీ నిటారు చేసేదాకా కారు ఎడమవైపుకి ఒరిగే ఉంటుంది. చిన్న మలుపు అయితే ఆయిల్ పక్కకి వెళ్లేలోపే వెనక్కి వచ్చేస్తుంది. ఇక్కడ వెళ్లింది వెళ్లినట్టే ఉండిపోతుంది.

పాత కారులో మొదటి మూడేళ్లు మామూలు రోడ్డు టైర్లే వాడాను. ఏ ఇబ్బందీ రాలేదు, ఇంజన్ బంగారంలా నడిచింది. నాలుగో ఏడు ల్యాప్ టైం తగ్గించాలన్న ఆశతో ట్రాక్ టైర్లు వేశాను. సంప్ గురించి ఆలోచించలేదు. ఒక నేస్తం బలవంతం మీద ఆయిల్ ప్రెషర్ గేజీ మాత్రం పెట్టించాను. మొదటిరోజే చూశాను, నేరుగా పోతున్నప్పుడు 60 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర నిలబడే ముల్లు ఆ పొడవాటి మలుపు మధ్యకి వచ్చేసరికి వణికి, 15కి జారింది. మలుపు దాటగానే మళ్లీ 60. గేజీదే తప్పేమో అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే ఏడాదిన్నర గడిచింది.

తర్వాత ఒకసారి ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకున్నాను. మడతల నిండా రాగిరంగు రజను. వేలితో రాస్తే మెరుస్తూ అంటుకుంది. అయస్కాంతం పెడితే కదల్లేదు, అంటే ఇనుము కాదు, క్రాంక్ తిరిగేచోట చుట్టూ ఉండే రేకు, అంటే బేరింగ్ షెల్ లోపలి పొర. క్రాంక్‌కీ కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌కీ మధ్య సందు దాదాపు 0.05 మిల్లీమీటర్లు. అక్కడ ఆయిల్ పొర ఒక్క క్షణం తెగినా లోహం లోహాన్ని తాకుతుంది. ఇంకో రెండు వారాలకు గ్యాస్ పెడల్ నొక్కగానే కింద నుంచి టకటకమని మోత మొదలైంది. సంప్‌లో ఆయిల్ పక్కకి పోకుండా ఆపే తలుపుల అడ్డుగోడ, అంటే బాఫిల్ వేయించాలని అప్పుడు వెతికాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. నాలుగైదు వందల డాలర్లతో పోయేదానికి ఇంజన్ మొత్తం దింపాల్సి వచ్చింది.

అందుకే రెండో కారు చూసుకునేటప్పుడు జడ్51 అని పట్టుబట్టాను. ఆ తరం స్టింగ్‌రేలో ఇంజన్ రెండిటికీ ఒకటే, 6.2 లీటర్ల ఎల్‌టీ1. మామూలు దాంట్లో వెట్ సంప్, 7 క్వార్ట్ల ఆయిల్ (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ). జడ్51లో డ్రై సంప్, దాదాపు 10 క్వార్ట్లు. డ్రై సంప్‌లో కింద ఆయిల్ నిలవ ఉండదు. క్రాంక్ కింద పడినదాన్ని పడినట్టే ఇంకో పంపు లాగేసి, విడిగా ఉన్న ట్యాంకులో పోస్తుంది. ట్యాంకు పొడుగ్గా, సన్నగా ఉంటుంది కాబట్టి ఆయిల్ ఎంత ఒరిగినా అడుగున గొట్టం మూతి మునిగే ఉంటుంది. ఆయిల్‌లో కలిసిన గాలి బుడగలు కూడా ఆ ట్యాంకులోనే విడిపోతాయి.

ఏడేళ్లలో అదే 16, 17, 18 మలుపుల్లో, అవే రకం టైర్ల మీద, ప్రెషర్ పడిపోవడం నేను చూడలేదు. ఆర్‌పీఎం తగ్గితే ప్రెషర్ తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది, అంతే. మలుపుతో దానికి పని లేదు. ఇది నాకు ఎంత ధీమానో మాటల్లో చెప్పలేను. పాత కారులో సగం చూపు గేజీ మీదే ఉండేది. ఇందులో చూపంతా రోడ్డు మీదే. డ్రై సంప్ వల్ల పవర్ పెరుగుతుందని కొందరు అంటారు. రేసు ఇంజన్లలో నిజమే, క్రాంక్ ఆయిల్‌ని చిలకాల్సిన పని తగ్గుతుంది. ఈ కారులో మాత్రం కంపెనీ చెప్పే లెక్క రెండు సంప్‌లకీ ఒకటే, 455 హార్స్‌పవర్.

రోజువారీ వాడకంలో దీనితో పని ఎక్కువే. ఆయిల్ ఎక్కువ కాబట్టి వేడెక్కడానికి టైం పడుతుంది. చలికాలం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లే దారి సగం అయ్యేదాకా నేను ఇంజన్‌ని గట్టిగా వాడను. ఆయిల్ దించడానికి రెండు బోల్టులు విప్పాలి, ఒకటి మర్చిపోతే పాత ఆయిల్ లోపలే ఉండిపోతుంది. ట్రాక్ రోజులకు 15డబ్ల్యూ50 అనే చిక్కటి ఆయిల్ పోసి, తర్వాత మళ్లీ పల్చటిదానికి మార్చాలని మాన్యువల్ చెబుతుంది. పదేసి క్వార్ట్లు రెండుసార్లంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

ఆయిల్ మట్టం చూడడం ఇంకా ముఖ్యం. కారు రాత్రంతా ఆగి ఉంటే ట్యాంకులోది మెల్లగా ఇంజన్‌లోకి దిగిపోతుంది, పొద్దున డిప్‌స్టిక్ తీస్తే తక్కువ చూపిస్తుంది. కొన్న కొత్తలో నేనలాగే చూసి, తగ్గిందనుకుని ఒక క్వార్ట్ పోశాను. మర్నాడు ట్రాక్ మీద ఎగ్జాస్ట్‌లోంచి నీలం పొగ. ఎక్కువైన ఆయిల్, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి, గాలి పీల్చుకునే ఇన్‌టేక్‌లోకి వెళ్లింది. ఇంజన్ బాగా వేడెక్కాక, చదునైన చోట ఆపి, ఐదు నిమిషాలు ఆగి అప్పుడు చూడాలి. పాతబడిన డ్రై సంప్ కారు కొనేవాళ్లు అమ్మేవాళ్లని మొదట అడగాల్సింది ఇదే, ఆయిల్ ఎలా చూస్తారని. తడబడితే ఆ కారు జోలికి వెళ్లకండి.

పేర్లతో కూడా జాగ్రత్త. పోర్షె 911కి 1964లో మొదలైనప్పటి నుంచీ విడి ట్యాంకు ఉండేది. నీళ్లతో చల్లబడే 996 అనే తరం వచ్చాక దాని మామూలు మోడల్ కరేరాలో ఆయిల్ ఇంజన్ లోపలే ఉంటుంది, దాన్నే ఇంటిగ్రేటెడ్ డ్రై సంప్ అన్నారు. అదే తరంలో ట్రాక్ కోసం చేసిన జీటీ3 మోడల్‌కి మాత్రం విడి ట్యాంకు ఉంది. పేరు విని కాదు, బానెట్ ఎత్తి ట్యాంకు ఎక్కడుందో చూసి నమ్మండి.

మా నేస్తం ఒకడు మామూలు స్టింగ్‌రే వెట్ సంప్‌తోనే నడుపుతున్నాడు. రోడ్డు టైర్లు, ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ రోజులు. వాడి ఆయిల్ ఖర్చు నాదాంట్లో సగం, ఇంజన్ చక్కగా ఉంది. వాడు నన్ను అడిగి ఉంటే నేనూ అదే కొనమనేవాణ్ణి.

మా అబ్బాయికి ఈ వేసవిలో పదహారు నిండుతాయి. ఖాళీ స్థలంలో పెట్టిన కోన్ల మధ్య కారు నడిపే ఆటోక్రాస్ నేర్పమంటున్నాడు. అక్కడ మలుపులు రెండేసి సెకన్లవి, కాబట్టి ఒక పాత వెట్ సంప్ కారే చూస్తున్నాను. దానికి రోడ్డు టైర్లే ఉంటాయి. కొన్న వారంలోనే సంప్‌లో బాఫిల్, డాష్‌బోర్డు మీద వాడి కళ్లకి సూటిగా ఆయిల్ ప్రెషర్ గేజీ పెట్టిస్తాను.