గుండె పాఠం: డాక్టరు ఉపన్యాసమా, నాడి లెక్కా?

సెప్టెంబరు 29 ప్రపంచ హృదయ దినం. ఆ వారం వస్తే మా బడిలో ఏటా ఒకటే తర్జనభర్జన. డాక్టరుగారిని పిలిచి మాట్లాడిద్దామా, పిల్లల చేతే ఏదైనా చేయిద్దామా? రెండూ చేసి చూశాను.

కిందటేడు వచ్చిన డాక్టరుగారు ప్రొజెక్టర్ మీద పూడిపోయిన రక్తనాళాల బొమ్మలు చూపించారు. ఏడో తరగతి పిల్లలు కాసేపు నోళ్లు తెరుచుకుని చూశారు. పది నిమిషాలకే వెనక బెంచీల్లో గుసగుసలు. పన్నెండేళ్లవాడికి కొలెస్ట్రాల్ అంటే తాతయ్య జబ్బు! మర్నాడు అడిగితే చాలామందికి గుర్తున్నది "నూనె తినకూడదట సార్" అన్న ముక్కే.

ఈ ఏడు గోడ గడియారంతో కానిచ్చేశాం. మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. (బొటనవేలితో పట్టకూడదు. దాని నాడే మనకు తగులుతుంది.) కూర్చున్నప్పుడు 80, 90 వచ్చాయి. డాబా మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాక 130 దాటాయి. రోజూ కబడ్డీ ఆడే అమ్మాయికి నాడి చకచకా తగ్గింది, సెల్‌ఫోన్ వదలని అబ్బాయికి తగ్గనే లేదు. "నాకెందుకు సార్ ఇంకా కొట్టుకుంటోంది?" అని వాడే అడిగాడు. రోజుకు సగటున 60 నిమిషాల ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట అప్పుడు చెప్తే చెవికెక్కింది. ఆయాసం ఉన్న పిల్లకు మాత్రం మెట్లు వద్దని, టైమ్ చూసే పని ఇచ్చాం.

ఆదివారం పొద్దున్నే, మా విశాఖ బీచ్ రోడ్డులో వాహనాలను రానివ్వని వేళ, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నుంచి కాళీమాత గుడి దాకా నడిచి నాడి లెక్క రాసుకురమ్మన్నాను. లెక్కలు తెచ్చారు. దారిలో మరమరాల ముంత మసాలా తిన్న సంగతీ దాచలేదు. అందులో ఉప్పెంతని ఇంకో పీరియడ్ నడిచింది.

పిల్లలకు నాడి లెక్కే మేలు, నాకు అనుమానం లేదు. కానీ ఒక్క విషయం డాక్టరే చెప్పాలి. కొన్ని రకాల గొంతునొప్పిని నిర్లక్ష్యం చేస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లోనే ఈ బెడద ఎక్కువ. "పసుపు పాలు తాగితే పోతుందిలే" అనేది పెద్దవాళ్లు కదా. అందుకే వచ్చే ఏడు డాక్టరుగారిని తల్లిదండ్రుల మీటింగుకే పిలుస్తాం.