నిద్ర లెక్కకు స్మార్ట్ బ్యాండా, స్మార్ట్ ఉంగరమా?

ధర: మామూలు బ్యాండ్ 2,000–3,000 రూపాయలకే వస్తుంది. ఉంగరానికి చాలావరకు దాని కన్నా ఎక్కువే పెట్టాలి.

హాయి: అసలు తేడా ఇక్కడే. చెన్నై ఉక్కపోతలో సిలికాన్ పట్టీ కింద చెమట నిలిచి దురద పెడుతుంది. పడుకోబోయే ముందు కడిగి, తుడిచి, మణికట్టు ఎముకకు వేలెడు పైన కట్టాలి. వదులైతే బయటి వెలుతురు సెన్సర్‌లోకి దూరి గుండె లెక్క తప్పుతుంది. ఉంగరం బరువే తెలియదు. కానీ కొలత కోసం ఇచ్చే సైజు కిట్‌లోని డమ్మీ ఉంగరాన్ని ఒక రాత్రంతా పెట్టుకుని చూడాలి; పొద్దున వేళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి.

నమ్మకం: దొందూ దొందే. కదలకుండా మెలకువగా పడుకున్నా చాలాసార్లు నిద్రేనని రాసేస్తాయి. గాఢనిద్ర నిమిషాలు ఉత్త అంచనా. ఇవి మెదడు తరంగాలు చూడవు, ల్యాబ్ పరీక్ష చూస్తుంది.

జిమ్‌లో బరువులెత్తేవారికి బ్యాండ్. పట్టీ అంటేనే చిరాకైతే ఉంగరం. గట్టి గురక, పగలు కునికిపాట్లు ఉంటే రెండూ వద్దు, డాక్టరు దగ్గరికే.