వాచీ లేకుండా నాలుగేళ్ళు

నాన్న ఇచ్చిన హెచ్‌ఎంటీ వాచీ నాలుగేళ్ళ క్రితం నా చేతిలోంచి జారి బట్టలుతికే బండ మీద పడింది. రోజూ పొద్దున కీ ఇచ్చుకునే రకం. రిపేరు చేసే పెద్దాయన కంటికి భూతద్దం బిగించి చూసి, "ఆ కంపెనీయే లేదు కదమ్మా, సామాను ఎక్కడినుంచి తెచ్చేది?" అన్నాడు. నిజమే, 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. వాచీని బీరువాలో పెట్టాను. ఇంకొకటి కొనేదాకా అనుకున్న ఖాళీ చెయ్యి అలాగే అలవాటైపోయింది.

ముందు మేలు చెబుతాను. అనంతపురం మే నెలలో బెల్టు కింద చెమట పట్టి దురద పెట్టే బాధ పోయింది. మణికట్టు మీది తెల్లటి పట్టీ మాత్రం పోవడానికి రెండు ఎండాకాలాలు పట్టింది.

టైము తెలియక తికమకపడతానేమో అనుకున్నాను. ఊరే చెబుతుంది. మా వీధి మొదట్లో బండి మీద ఉగ్గాని అయిపోయి బజ్జీలే మిగిలాయంటే నేను కాలేజీకి ఆలస్యమైనట్టే. సాయంత్రం అజాను విని ఆరున్నర అనుకుని రెండుసార్లు పొరబడ్డాను. అది సూర్యాస్తమయాన్ని బట్టి వచ్చేది. నవంబరులో ఆరు కాకముందే, జూన్‌లో ఏడు కావస్తుండగా వినిపిస్తుంది. ఇక ఊరి నడుమ గడియార స్తంభం ఉండనే ఉంది. 8 ముఖాలు, 15 అడుగుల వెడల్పు, 47 అడుగుల ఎత్తు, అంటే స్వాతంత్ర్యం వచ్చిన తేదీనే కట్టడంగా నిలబెట్టారని పెద్దలు చెబుతారు. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, నాకు బస్సులో ఆ వైపు కిటికీ దొరికిన రోజునే పనికొస్తుంది.

"ఫోను ఉండగా వాచీ ఎందుకు?" అని అందరూ అడుగుతారు. టైము కోసం ఫోను తీస్తాను, మెసేజీలు చూస్తాను, సంచిలో పెట్టేస్తాను. టైమెంతో చూడనే లేదని అప్పుడు గుర్తొస్తుంది.

అసలు దెబ్బ రెండో ఏడాది మార్చిలో తగిలింది. ఇంటర్ పరీక్షల ఇన్విజిలేషన్. ఫోన్లు బయటే పెట్టించారు. గదిలో గోడ గడియారం నాలుగూ పది దగ్గర ఆగిపోయి ఉంది. మొదటి బెంచీ అమ్మాయి తలెత్తి ముందు నా మణికట్టు వైపు, తర్వాత నా మొహం వైపు చూసి, "ఇంకా ఎంత టైముంది మేడం?" అని అడిగింది. వరండా స్తంభం నీడ చూశాను. చిన్నప్పుడు పొలంలో నాన్న నేర్పిన విద్య. "గంట ఉంటుందిలే" అన్నాను. కాసేపటికే గంట మోగింది, ఇంకా అరగంటే ఉందని. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. పేజీ తిప్పి గబగబా రాయడం మొదలుపెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎందుకు తప్పానో ఏప్రిల్ నెలాఖరులో తెలిసింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేడ మీద ఒక ఇనుప కడ్డీని నిలువుగా నిలబెట్టి కూర్చున్నాను. నీడ కుంచించుకుంటూ వచ్చి కడ్డీ మొదట్లో కలిసిపోయింది. ఫోనులో చూస్తే పన్నెండుంపావు దాటింది! మన దేశపు గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. మనం దానికి దాదాపు ఐదు డిగ్రీలు పడమరగా ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ఇక్కడ సూర్యుడు ఇరవై నిమిషాలు వెనక. పైగా ఇది ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరిలో అరగంట దాటుతుంది, మార్చిలోనూ పెద్దగా తగ్గదు. నాన్న నీడ చూసి ఎడ్లు విప్పేవాడు, పది నిమిషాలు అటూ ఇటూ అయినా ఎడ్లు అడగవు.

నా మటుకు నాకు వాచీ లేని బతుకుకు ఐదుకు నాలుగు ఇస్తాను. పిల్లల ముందు నిలబడే రోజుల్లో సున్నా. అందుకే పరీక్షలు జరిగినన్నాళ్ళు మా అబ్బాయి పాత వాచీ కట్టుకుని వెళుతున్నాను. చివరి పరీక్ష నాటికి బెల్టు కింద మళ్ళీ దురద మొదలవుతుంది.